నాలుగో పేపరు

బి.ఏ. మూడో సంవత్సరం, నాలుగో పేపరు, అమెరికా చరిత్ర.
పొందూరులో నేను అద్దెకు తీసుకున్నది ఒక గదీ, సగం అరుగూ.
మిగతా సగం దాలమ్మదీ, ఆమె రాట్నానిదీ.

రేపటి పాఠం రాత్రి పైకి చదువుకోవడం నా అలవాటు.
"అమెరికా సమాజాన్ని మలచిన శక్తులు" అని మొదలెట్టేవాణ్ణి.
అవతల వాలుగ చేప దవడ పత్తిని దువ్వుతుండేది,
పిల్లి పాలు నాకుతున్నంత చప్పుడుతో.

ఒకటి, భూమి. పడమటికి ఎంత నడిచినా తరగని భూమి.
(అక్కడున్నవాళ్ళని తరిమాకే తరగనిదయింది.
ఆ వాక్యం నా నోట్సులో కూడా బ్రాకెట్లోనే ఉంది.)
రెండు, రైలు.
మూడు, ఓడలు దిగిన జనం.
నాలుగు, యంత్రం. పత్తిలోంచి గింజ తీసేది.
రోజల్లా చేత్తో తీస్తే ఒక పౌను,
మరతో యాభై...

దవడ ఆగింది.

"మరొచ్చిందన్నావు. గింజ దీసీ పని తప్పిపోనాది.
మరి సేతులకి సుకమొచ్చిందేటి బాబూ?"

రాలేదమ్మా.
గింజ తీయడం తేలికయ్యేసరికి ఇంకా పత్తి కావాలన్నారు,
పత్తికి ఇంకా నేల,
నేలకి ఇంకా మనుషులు.
ఏడు లక్షల మంది బానిసలు
డెబ్భై ఏళ్ళలో నలభై లక్షలయ్యారు.
వేలంలో తల్లినొకడు, పిల్లనొకడు పాడుకున్నారు.

ఆమె మాట్లాడలేదు.
చెక్క మీద ఇనప పుల్ల దొర్లించింది చాలాసేపు.
గింజలు ఒక్కొక్కటే ఇవతలికి జారాయి.

"మా ముత్తవ్వ అనీదట.
దాని సిన్నతనాన ఓ ఏడు దూది బంగారమైపోనాదట.
సావుకార్లు ఇంటింటికీ వొచ్చి ఎత్తుకుపోనారట.
రాట్నం అటకెక్కించీసి గెంజి తాగినారట.
ఎందుకో దానికి తెల్దు."

నేను వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాను. సరిపోయాయి.
ఆ ఏడు అక్కడ యుద్ధం.
నలభై లక్షల మందిని ఉంచుకోవాలా విడవాలా అని
ఒకే దేశం తనని తాను కాల్చుకుంటోంది.
రేవులు మూతపడ్డాయి. ఇంగ్లండు మిల్లులకి దూది లేదు.
అవి ఇటు చూశాయి.

"అయితే మా ముత్తవ్వ ఆకలి నీ పుస్తకంలో ఉన్నాదేటి?"

లాంతరు దగ్గరికి జరిపి వెతికాను.
ఉంది. ధరల పటంలో
గీత ఉన్నట్టుండి పైకి లేచిన చోట.

మర్నాడు క్లాసులో నోట్సు మూసి ఇదంతా చెప్పాను.
లావేరు నుంచి సైకిలు మీద వచ్చే ముకుందం లేచి
"పరీక్షకొస్తాదా సార్?" అన్నాడు.
రాదన్నాను.
పెన్నులకి మూతలు పడ్డాయి.
నాకు కోపం రాలేదు. ఆ కుర్రాడికి చెల్లెళ్ళు ముగ్గురు,
రోజూ పదహారు మైళ్ళ తొక్కుడు.

ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్. ఫ్యాన్లు తిరగని హాలు.
ఎవరిదో పేపరు, పేరుండదు.
ఒకటి భూమి, రెండు రైలు, మూడు జనం, నాలుగు యంత్రం,
అన్నీ నేను చెప్పించిన వాక్యాలే, నా తప్పులతో సహా.
కింద రెండు లైన్లు వదిలి, వేరే సిరాతో:
"ఐదు. మర వచ్చినాక చేతులకి సుకం వచ్చినదా అని ఒక ముసలమ్మ అడిగినది."

స్కీములో ఐదో పాయింటు లేదు.
పక్క కుర్చీలో పైడితల్లినాయుడుగారు తొంగిచూసి
"కొట్టెయ్యండి, లేటవుతోంది" అన్నారు.
ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ఎన్ని వేశానో చెప్పను.

రాత్రి పాసింజరు దిగి ఇంటికొచ్చేసరికి
ఆమె అరటిపట్టలో ఏకులు చుడుతోంది,
తడి తగలకుండా, పసిబిడ్డకి పొత్తిగుడ్డ చుట్టినట్టు.
చెప్పాను.

"పాసయినాడా ఆ గుంటడు?"

తెలీదమ్మా. పేరు కనబడదు,
నంబరే ఉంటుంది.

ఆమె చేతులు ఆగాయి.
నలభై లక్షలు అన్న రోజున ఆగినట్టే.
తర్వాత ఇంకో ఏకు తీసుకుంది.